పాలపిట్టతో అగ్రిమెంట్ చేసుకుందామా?

2025 ఏప్రిల్ మొదటి వారం గుర్తుందా? ఫోన్ తెరిస్తే చాలు కంచ గచ్చిబౌలే. రాత్రిపూట జేసీబీ లైట్లు, నెమళ్ల అరుపులు, పరుగెత్తే జింకలు. మీలో చాలామంది స్టేటస్ పెట్టుకునే ఉంటారు. (అందులో కొన్ని ఏఐ బొమ్మలు కూడా కలిశాయనుకోండి, అది వేరే కథ.) ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ‘చెట్లు కొట్టడం ఆపండి’ అంది. 400 ఎకరాల దగ్గర జేసీబీలు ఆగాయి.

అది ప్రభుత్వం చేతిలో ఉన్న భూమి కాబట్టి అంత గొడవ చేయగలిగాం. యూనివర్సిటీ పక్కనుంది, స్టూడెంట్లున్నారు, కెమెరాలున్నాయి, కోర్టులో అడగడానికి ఓ సర్కారుంది. అదే ఎవరిదో సొంత పట్టా భూమి అయితే? రాత్రికి రాత్రి బండలు పగలగొట్టి, తుమ్మ చెట్లు పీకేసి, తెల్లారేసరికి హద్దురాళ్లు పాతి, నాలుగు రంగుల జెండాలు కట్టేస్తే? ఎవరూ రీల్ చేయరు. చేయాలని తోచదు కూడా. ‘ఆయన భూమి, ఆయనిష్టం’ అనేస్తాం.

మేడ్చల్, శామీర్‌పేట వైపు రోజూ జరుగుతున్నది ఇదే.

రాజీవ్ రహదారి మీద అల్వాల్ దాటి తూంకుంట, శామీర్‌పేట మీదుగా తుర్కపల్లి దాకా ఒకసారి బైక్ మీద వెళ్లి చూడండి. ఒకవైపు జీనోమ్ వ్యాలీ ల్యాబులు, ఒకవైపు విల్లాల బోర్డులు, మధ్యమధ్యలో ఇంకా అమ్ముడుపోని ముక్కలు. బీడు పడ్డ చేను, నాలుగు సీతాఫలం పొదలు, తంగేడు, ఎత్తుగా ఓ బండల గుట్ట, దాని పక్కన ఎండిపోయిన తాడిచెట్టు. అటు 44వ నంబరు జాతీయ రహదారి మీద కొంపల్లి, మేడ్చల్ వైపూ ఇదే బొమ్మ. ఒకప్పుడు ఆ వైపు ద్రాక్ష తోటలకు పేరు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘మేడ్చల్ అంగూర్లు’ అంటారు. ఆ తోటలు పోయి ప్లాట్లొచ్చాయి. ప్లాట్లు పోయి ఇప్పుడు టవర్లొస్తున్నాయి.

మిగిలిన ఆ బీడు ముక్కల్ని చూసి ‘వేస్ట్ ల్యాండ్’ అంటాం. తెలంగాణ పల్లెల్లో దానికి చక్కటి పేరుంది... కంచ. పశువులు మేసే చోటు, గడ్డీ పొదా కలిసిన చోటు. దట్టమైన చెట్లుంటేనే అడవి అనుకుంటాం గానీ, దక్కన్ పీఠభూమిలో చాలా జీవాలకు ఇల్లు ఈ కంచే. కుందేలు, ఉడుము, ముంగిస, కౌజుపిట్ట, నెమలి... వీటికి గోడలు కట్టిన పార్కు అక్కర్లేదు. ఎవరూ కదిలించని ఎకరం, అరెకరం చాలు. కాకపోతే ఆ అరెకరం ఎవరో ఒకరి పాస్‌బుక్కులో ఉంటుంది!

పాలపిట్ట సంగతి

దసరా రోజు సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లి, పాలపిట్టను చూసి రావడం మన దగ్గర ఆనవాయితీ. తెలంగాణ వచ్చాక 2014లో దాన్ని రాష్ట్ర పక్షిని చేశారు. ఇప్పుడు నిజం చెప్పండి, పోయిన దసరాకు మీరు చూసింది ఎగిరే పాలపిట్టనా, ఎవరో పంజరంలో తెచ్చి ‘ఇరవై రూపాయలియ్యి సార్’ అని చూపించిందా? పట్టడం, బంధించడం నేరం. అయినా ప్రతి దసరాకూ ఆ పంజరాలు వస్తూనే ఉంటాయి. ఎందుకంటే ఊరి చివర వైరు మీద కూర్చునే పిట్ట తగ్గిపోయింది.

2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారం దేశంలో పాలపిట్టలు సుమారు 12 ఏళ్లలో 30 శాతం దాకా తగ్గాయి. ఇది అడవి పక్షి కాదు, చేల పక్షి. కరెంటు తీగ మీదో ఎండు కొమ్మ మీదో కూర్చుని, కింద కదిలే మిడతల్నీ పురుగుల్నీ పట్టి తింటుంది. గూడు చెట్టు తొర్రలో పెడుతుంది. ఎండిపోయిన తాటి మోడు దొరికిందంటే దానికి డబుల్ బెడ్రూం దొరికినట్టే. మనమేమో పొలం అమ్మేముందు మొట్టమొదట చేసే పని ఆ మోడును కూల్చడం. ‘చూడ్డానికి బాగుండదు’ అని.

పాలపిట్టకు ఓ అభయారణ్యం కట్టి కాపాడడం కుదరదు. దాని ఇల్లంతా ప్రైవేటు భూమే.

శామీర్‌పేటలో జింకల పార్కు ఉంది కదా అంటారా? ఉంది. జవహర్ జింకల పార్కు, రోడ్డు పక్కనే. చుక్కల జింకలు, కృష్ణజింకలు, నెమళ్లు. పిల్లల్ని తీసుకెళ్లడానికి మంచి చోటు. కానీ కంచె లోపల ఉన్న జింక వేరు, కంచె బయట బతకాల్సిన జీవం వేరు.

ఇంకో మాట కూడా వస్తుంది... ‘హీరోలు అడవుల్ని దత్తత తీసుకున్నారు కదా!’ తీసుకున్నారు. 2019లో అప్పటి రాజ్యసభ సభ్యుడు జోగినపల్లి సంతోష్‌కుమార్ కీసర అడవిని, 2020 సెప్టెంబరులో ప్రభాస్ దుండిగల్ దగ్గరి ఖాజీపల్లి అడవిలో 1,650 ఎకరాల్ని, 2022 ఫిబ్రవరిలో నాగార్జున చెంగిచెర్లలో 1,080 ఎకరాల్ని దత్తత తీసుకున్నారు. ఇద్దరు హీరోలూ చెరో 2 కోట్లు ప్రకటించారు. మంచి పనే. కానీ అవన్నీ రిజర్వు ఫారెస్టులు, ముందు నుంచీ సర్కారు అడవులే. ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు. వాటికి కంచె, వాకింగ్ ట్రాక్, గేటు వచ్చాయి. నేనడిగేది ఆ గేటు బయట సంగతి.

పెద్దనాయన 20 గుంటలు

మా పెద్దనాయనకు శామీర్‌పేట మండలంలో నాలుగెకరాలుంది. ఊరి పేరు చెప్పను, ఇప్పటికే ఆయన ఫోన్ బ్రోకర్ల కాల్స్‌తో వేడెక్కుతోంది. మూడున్నర ఎకరాల్లో మక్క, కూరగాయలు. మిగిలిన 20 గుంటలు బండలు, రేగు పొదలు, ఓ వేపచెట్టు, రెండు తాళ్లు. వాటిలో ఒకటి మోడు. దానికి తొర్ర. ఎండాకాలం రాగానే అందులో పాలపిట్టల జంట. పొదల్లో నెమళ్లు, బండల కింద ఉడుములు. ఆయనకు వీటి మీద ప్రత్యేకమైన ప్రేమేం లేదు. నెమళ్లు మక్క గింజలు ఏరుకు తింటాయని రోజూ తిట్టుకుంటాడు కూడా. దున్నడం దండగ కాబట్టి ఆ మూల వదిలేశాడు, అంతే.

ఈ వ్యాసం కోసం అడిగాను. ‘పెద్దనాయినా, ఈ మూలను ఇట్లనే ఉంచుతానని సర్కారుతో అగ్రిమెంట్ రాసుకుంటవా?’

ఆయన బీడీ ఆర్పేసి నన్ను అనుమానంగా చూశాడు.

‘నెమళ్లున్నయని నేనే కాయితం రాసిస్తే, రేపు నా భూమి నాది కాకుంట పోతే ఎట్ల బిడ్డా? మొన్నొక ఏజెంటు చెప్పిండు. జంతువులున్నయని ఎక్కడ చెప్పకు పటేలా, ఫారెస్టోళ్లు వచ్చి కూసుంటరు అన్నడు.’

ఈ మాట మీద కాసేపు ఆగాలి. ఎందుకంటే మొత్తం సమస్య ఇందులోనే ఉంది. నెమలి, ఉడుము రెండూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. చట్టం జీవానికి గట్టి రక్షణే ఇచ్చింది. కానీ ఆ జీవానికి చోటిచ్చిన రైతుకు ఏమిచ్చింది? ఏమీ ఇవ్వలేదు. పైగా భయం ఇచ్చింది. భయపడ్డవాడు ఏం చేస్తాడు? ఎవరూ చూడకముందే పొదలు తగలబెడతాడు. జీవాన్ని చంపలేదు కాబట్టి కేసు లేదు. ఇల్లు పోయింది కాబట్టి జీవమూ లేదు.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో అచ్చం ఇదే జరిగింది.

వడ్రంగిపిట్ట నేర్పిన పాఠం

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఓ చిన్న వడ్రంగిపిట్ట ఉంది. రెడ్ కాకేడెడ్ వుడ్‌పెకర్ అంటారు. ముసలి పైన్ చెట్లలోనే గూడు తొలుస్తుంది. 1973లో అక్కడ అంతరించే జీవుల చట్టం వచ్చింది. మీ తోటలో ఆ పిట్ట కనిపిస్తే ఆ చుట్టుపక్కల చెట్లు కొట్టడానికి లేదు. రైతులేం చేశారు? చెట్లు ముసలివి కాకముందే, పిట్ట రాకముందే కొట్టేశారు. డీన్ ల్యూక్, జెఫ్రీ మైకేల్ అనే ఇద్దరు పరిశోధకులు నార్త్ కరోలినాలో దీన్ని లెక్కగట్టి 2003లో ప్రచురించారు. పిట్టలున్న చోటుకి ఎంత దగ్గరగా ఉంటే, ఆ తోటల్ని అంత తొందరగా నరికేశారని తేలింది. పిట్టను కాపాడ్డానికి చేసిన చట్టమే దాని గూటికి గొడ్డలైంది.

అప్పుడు ఒక ఐడియా వచ్చింది. 1995లో అదే నార్త్ కరోలినాలో మొదలైంది. పేరు ‘సేఫ్ హార్బర్’ అగ్రిమెంట్. చాలా సింపుల్. ఇవాళ మీ తోటలో రెండు పిట్ట కుటుంబాలున్నాయి అనుకోండి. దాన్ని రాసుకుంటారు. మీరు చెట్లు కాపాడి, పొదలు సరిచేసి, పిట్టలు పెరిగేలా చూస్తానని సంతకం పెడతారు. పదేళ్లకు అవి ఐదు కుటుంబాలయ్యాయి. ఆ పెరిగిన మూడు కుటుంబాల పేరు చెప్పి సర్కారు మీ మీద కొత్త ఆంక్షలు పెట్టదు. గడువయ్యాక కావాలంటే మళ్లీ రెండు దగ్గరికి రావచ్చు. మంచి చేసినందుకు శిక్ష ఉండదు, అంతే. మొదట్లో చేరినవాళ్లలో పైన్‌హర్స్ట్ అనే పేరున్న గోల్ఫ్ రిసార్ట్ కూడా ఉంది!

తర్వాత, ఇంకా ప్రమాద జాబితాకు ఎక్కని జీవుల కోసం ఇలాంటిదే మరో రకం అగ్రిమెంట్ తెచ్చారు. 2024లో రెంటినీ కలిపి ఒకే పద్ధతి చేశారు. ఆ వడ్రంగిపిట్టను కూడా అదే ఏడాది అక్టోబరులో ‘అంతరించే ప్రమాదం’ నుంచి ఒక మెట్టు కిందికి దించారు. అంతా అగ్రిమెంట్ల వల్లే అనను. ప్రభుత్వ అడవుల్లోనూ, మిలిటరీ స్థలాల్లోనూ చాలా పని జరిగింది. కానీ రైతు గొడ్డలి ఎత్తకుండా ఆపింది మాత్రం ఆ హామీ కాగితం.

పెద్దనాయనకు ఇదంతా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: ‘మన దగ్గర ఉన్నదా అసొంటి కాయితం?’

ఉంది. సగం ఉంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో సవరణ తెచ్చి ‘కమ్యూనిటీ రిజర్వు’ అనే మాట చేర్చారు. సెక్షన్ 36సి. ఒక ఊరు గానీ, ఒక వ్యక్తి గానీ తనంతట తాను ముందుకొచ్చి ‘మా భూమిలో జీవాల్ని కాపాడుకుంటాం’ అంటే, ఆ ప్రైవేటు భూమిని రాష్ట్ర ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. భూమి ఎవరిదో వాళ్లదే. చూసుకోవడానికి ఓ కమిటీ ఉంటుంది. 2022 సవరణలో ఇంకా మంచి మార్పు వచ్చింది. ప్రైవేటు భూమి అయితే ఆ కమిటీలో భూమి యజమాని, అటవీశాఖ మనిషి, పంచాయతీ ప్రతినిధి ఉండాలని రాశారు. అంటే పెద్దనాయన తన 20 గుంటల కమిటీలో మెంబరు!

వినడానికి బాగుంది కదా. ఇప్పుడు చిన్నక్షరాలు చదువుదాం. ఒకసారి నోటిఫికేషన్ వచ్చాక, ఆ భూమి వాడకాన్ని మార్చాలంటే కమిటీ తీర్మానం చేయాలి, దాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. పదేళ్లు, ఇరవై ఏళ్లు అని గడువేమీ లేదు. ఏటా ఇంత ఇస్తాం అనే మాటా లేదు. లోపలికి దారి ఉంది, బయటికి దారి సెక్రటేరియట్ మీదుగా ఉంది. భూమి ధర కూర్చున్నచోటే పెరిగే మేడ్చల్ జిల్లాలో ఎవరు సంతకం పెడతారు? అందుకే దేశంలో కమ్యూనిటీ రిజర్వుల్లో ఎక్కువ భాగం మేఘాలయ, నాగాలాండ్‌లలోనే ఉన్నాయి. అక్కడ భూమి తెగలదీ ఊళ్లదీ. మన దగ్గరలా గజాల లెక్కన పోయేది కాదు.

గజం లెక్క

ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 గజాలు. పెద్దనాయన మూల 20 గుంటలు, అంటే 2,420 గజాలు. ఊరికే లెక్క కోసం గజం 10 వేలు అనుకుందాం. 2 కోట్ల 42 లక్షలు. బ్యాంకులో 6 శాతానికి వేస్తే ఏడాదికి 14 లక్షల 52 వేల వడ్డీ. నెలకు లక్షా ఇరవై వేలు. ఒక సాఫ్ట్‌వేర్ జీతం!

అదే పాలపిట్ట కోసం ఉంచితే? రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు. 20 గుంటలకు 6 వేలు. అది కూడా సాగుకు పనికొచ్చే భూమికే. గుట్టలకు, రాళ్లురప్పలకు ఇవ్వరు. అంటే ఆ మూలను బండలతో సహా జీవాలకు వదిలేస్తే సర్కారు దృష్టిలో అది భూమే కాదు. బండలు పగలగొట్టించి, పొదలు తీయించి, చదును చేస్తే అప్పుడు భూమి. నాకు ఇది విచిత్రంగా అనిపిస్తుంది. రాష్ట్ర పక్షి ఉండే చోటుకు సున్నా, దాన్ని వెళ్లగొడితే డబ్బులు.

14 లక్షలకూ సున్నాకూ మధ్య పోటీ పెడితే పాలపిట్ట ఓడిపోతుంది. ఇందులో రైతును తప్పుపట్టడానికేం లేదు. విల్లా బాల్కనీలో కూర్చుని ‘వీళ్లు ప్రకృతిని అమ్మేసుకుంటున్నారు’ అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ విల్లా దేని మీద కట్టారో ఒకసారి కిందికి చూసుకోమనండి.

మరి ఇక ఆశ లేదా? ఉంది. అన్ని భూములకూ గజం ధర ఒకటే కాదు. హెచ్‌ఎండీఏ పరిధిలో 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు దాటిన చెరువుకు నీటి హద్దు, అదే ఎఫ్‌టీఎల్, నుంచి 30 మీటర్ల దాకా బఫర్. చిన్న చెరువుకైతే 9 మీటర్లు. ఆ బఫర్లో పట్టా ఉన్నా ఇల్లు కట్టకూడదు. 2024 జూలైలో హైడ్రా వచ్చాక ఈ సంగతి అందరికీ బాగా తెలిసొచ్చింది. శామీర్‌పేట చెరువు చుట్టూ, మేడ్చల్ వైపు గొలుసుకట్టు చెరువుల చుట్టూ ఇలాంటి పట్టా ముక్కలెన్నో. అమ్ముదామంటే కొనేవాడు భయపడతాడు, కట్టుదామంటే పర్మిషన్ రాదు. యజమానికి అది తలనొప్పి. కొంగలకు, నీటికోళ్లకు, తాబేళ్లకు అదే బంగారం. అగ్రిమెంట్లు మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు. అక్కడ పోటీ 14 లక్షలతో కాదు, దాదాపు సున్నాతో. ఏడాదికి ఎకరానికి రైతు భరోసా అంత ఇచ్చినా ‘మట్టి పోయను, చెత్త వేయనివ్వను, రెల్లు తగలబెట్టను’ అని సంతకం పెట్టే రైతు దొరుకుతాడు. అప్పుడు రాత్రిపూట మట్టి లారీ వస్తే అడ్డుపడేది అధికారి కాదు, ఆ రైతే.

ఎక్కడైనా జరిగిందా?

జరిగింది. మహారాష్ట్రలో రత్నగిరి వైపు అడవుల్లో చాలా భాగం ప్రైవేటువే. కట్టెల కోసం కాంట్రాక్టర్లు గంపగుత్తగా కొని నరికేస్తుంటారు. పుణెకు చెందిన ఏఈఆర్‌ఎఫ్ అనే సంస్థ అక్కడి యజమానులతో అగ్రిమెంట్లు చేసుకుంటోంది. అడవిని ఇన్నేళ్లు నరకొద్దు, బదులుగా ఇంత ఇస్తాం, లేదా ఆ చెట్ల కాయలకు మంచి ధర వచ్చేలా చూస్తాం అని. హార్న్‌బిల్ పక్షులు గూడు పెట్టే పెద్ద తాని చెట్లు అలా నిలిచాయి.

హిమాచల్‌లోని స్పితి లోయలో కిబ్బర్ అనే ఊరుంది. అక్కడ మైసూరుకు చెందిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ 1990ల చివర్లో ఊరివాళ్లతో మాట్లాడి, కొంత మేత భూమిని పశువులు లేకుండా వదిలేయించింది. ఊరికి ఏటా డబ్బు. కొండగొర్రెలు పెరిగాయి, వాటిని తినే మంచు చిరుతకు తిండి దొరికింది.

మనకు ఇంకా దగ్గరగా కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు. ఊరి మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, కొంగలు గూళ్లు పెడతాయి. చెట్టు యజమానికి ఆ ఏడాది చింతపండు పోతుంది. అందుకని అటవీశాఖ చెట్టుకింత అని పరిహారం ఇస్తుంది. లెక్క చూడండి, ఎకరాలు కాదు, చెట్టుకు! పెద్దనాయన తాటి మోడుకు కూడా అలా ఇవ్వొచ్చు కదా అనిపించింది నాకు.

మన తెలుగు ఊళ్లు కాగితం లేకుండానే ఈ పని చేశాయి. రాయలసీమలో చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా వచ్చే పక్షుల్ని పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. కొంగలొస్తే వానలొస్తాయని నమ్మకం. నమ్మకం ఉన్నన్నాళ్లు చెట్టు ఉంటుంది. భూమి ధర మేడ్చల్‌లా పెరిగితే ఆ నమ్మకం ఎన్నాళ్లుంటుందో!

ఒంటరిగా చేసినవాళ్లూ ఉన్నారు. సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ తన వారసత్వ భూమి 70 ఎకరాల్ని అడవిగా మార్చారు. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద పోరాడిన జల సాధన సమితి ఆయనే. బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చారు. అడవిలో కుంటలు తవ్వించారు, పండ్లన్నీ పిట్టలకే వదిలేశారు. కోట్లు ఇస్తామన్నా అమ్మలేదని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. ఆయన లాంటివాళ్లకు అగ్రిమెంట్ అక్కర్లేదు. కానీ ఒక మనిషి పట్టుదల మీద నిలిచిన అడవికి, ఆ మనిషి తర్వాత ఏమిటి అన్నదే నా దిగులు. అలాంటి చోటుకైతే గడువు లేని 36సి సరిగ్గా సరిపోతుందేమో.

సర్కారు తన భూమికి కంచె కడితే చాలదనడానికి కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. కర్నూలు వైపు రోళ్లపాడు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. సుమారు 600 హెక్టార్లు. కానీ ఆ పెద్ద పక్షి మేతంతా చుట్టుపక్కల జొన్న, వేరుశనగ చేలల్లో. కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి. కృష్ణజింకలు పెరిగి పంటల మీద పడ్డాయి, రైతులకు చిరాకెత్తింది. కంచె లోపల గడ్డి ఉంది గానీ, కంచె బయట చోటు పోయింది. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక కనిపించడమే గగనం. ఆ చేల రైతులతో అప్పట్లోనే ‘ఈ నాలుగు నెలలు ఈ పంట వేయండి, తేడా మేమిస్తాం’ అని ఓ కాగితం ఉండి ఉంటే ఎలా ఉండేదో.

జీవాలు పెరిగితే రైతుకు నష్టం కూడా పెరుగుతుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. నారాయణపేట జిల్లా కృష్ణా, మాగనూరు మండలాల్లో కృష్ణజింకల మందలు మొలకల్ని మేసేస్తున్నాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. శామీర్‌పేట వైపు అడవిపందులతో అదే గోల. అగ్రిమెంట్లో ‘పంట పోతే ఎన్ని రోజుల్లో డబ్బులు’ అన్న లైన్ లేకపోతే అది అగ్రిమెంట్ కాదు, ఉపన్యాసం.

పెద్దనాయన షరతులు

చివరికి ఆయన్నే అడిగాను, నువ్వయితే ఏం రాయించుకుంటావని. చాయ్ తాగుతూ వరసగా చెప్పాడు. నేను ఫోన్లో టైప్ చేసుకున్నాను.

‘పదేండ్లకే. కలకాలం అంటే నా కొడుకులు నన్ను తిట్టుకుంటరు. పదేండ్లయినంక వాళ్లిష్టం.

ఇప్పుడు నాలుగు నెమళ్లున్నయి. రేపు నలభై అయితయి. నలభై అయినయని నా మిగతా చేను మీదికి రావద్దు. అది ముందే రాయాలె.

పైసలు ఏటా దసరాకు ముంగట పడాలె. ఎక్కువ అడుగుత లేను. పడాల్నంటే పడాలె.

మక్క పోతే నెలల ఇయ్యాలె. ఫొటోలు, దరఖాస్తులు, పది ఆఫీసులు తిప్పుడు... అవన్ని నాతోని కాదు.

ఎవ్వలన్న వస్తే చెప్పి రావాలె. బస్సులేసుకొని పిక్నిక్కు రావద్దు.’

చదివి చూడండి. గడువు, ముందుగా రాసుకున్న లెక్క, హామీ, ఏటా చెల్లింపు, నష్టపరిహారం, యజమాని అనుమతి. నార్త్ కరోలినా లాయర్లు రాసుకున్న దాంట్లోని అసలు విషయమంతా ఈయన ఒక్క చాయ్‌లో చెప్పేశాడు. చట్టంలో 36సి పక్కన ‘గడువు’, ‘చెల్లింపు’ అనే రెండు మాటలు చేరితే చాలు. దానికి ఢిల్లీ కదలాలి. అంతదాకా ఆగక్కర్లేదు కూడా. అటవీశాఖో, జీవవైవిధ్య బోర్డో, జీనోమ్ వ్యాలీలోని ఓ కంపెనీ తన సీఎస్‌ఆర్ డబ్బుతోనో రైతుతో మామూలు కాంట్రాక్టు రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. ఆడిటోరియంలో మొక్క నాటి ఫొటో దిగే ఖర్చుతో పది తాటి మోడులకు పదేళ్ల అద్దె కట్టొచ్చు.

ఒక చిక్కుంది. 36సి కమిటీలో పంచాయతీ ప్రతినిధి ఉండాలంటుంది చట్టం. మేడ్చల్ జిల్లాలో పంచాయతీలు ఒక్కొక్కటే మున్సిపాలిటీల్లో కలిసిపోయాయి. తూంకుంట అయింది, గుండ్లపోచంపల్లి అయింది. ఊరు సిటీలో కలిసిన కొద్దీ, ఊరి కోసం రాసిన చట్టం చేతికందకుండా పోతోంది. ఇక్కడ ఎవరికైనా ఆసక్తి ఉంటే తొందరపడాల్సిన కారణం ఇదొకటి.

ఇంకోటి మీ చేతిలో ఉంది, నిజంగానే చేతిలో. ఏ అగ్రిమెంటుకైనా మొదట కావాల్సింది ‘ఇవాళ ఇక్కడ ఏమేం ఉన్నాయి’ అనే లెక్క. దానికి ఈ-బర్డ్ లాంటి యాప్‌లున్నాయి, ఫ్రీ. పక్షిని చూసిన చోటు, తేదీ, ఎన్ని కనిపించాయి... ఐదు నిమిషాల పని. కానీ ఎవరి చేనులోకైనా వెళ్లేముందు అడిగి వెళ్లండి. గూడు కనిపిస్తే దాని కచ్చితమైన లొకేషన్ ఇన్‌స్టాలో పెట్టకండి. దసరా ముందు ఆ లొకేషన్ కోసం వెతికేవాళ్లున్నారు.

పెద్దనాయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి, ‘ఇవన్ని రాసుకున్నవ్ గదా. మరి నేను ఏ ఆఫీసుకు పోవాలె?’ అన్నాడు. జిల్లా అటవీ అధికారికి ఓ ఉత్తరం రాద్దాం అన్నాను. పాస్‌బుక్కు జిరాక్స్, 20 గుంటల స్కెచ్, ఆ ఐదు షరతులు, మోడు మీద కూర్చున్న పాలపిట్ట ఫొటో ఒకటి. ఫొటో నేను తీశాను. సంతకం మాత్రం ఆయన ఇంకా పెట్టలేదు. పెద్ద కొడుకును ఫోన్లో అడిగి చెప్తానన్నాడు.